క్రోన్స్ వ్యాధితో థీమ్ పార్కుకు: నా అనుభవం

థీమ్ పార్కుకు వెళ్లినవారు రోజు మొత్తంలో రైడ్ల మీద కూర్చునే సమయం చాలా తక్కువ. రోలర్ కోస్టర్ రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది. దాని కోసం క్యూలో నిలబడేది మాత్రం గంట, సెలవు రోజుల్లో అంతకన్నా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవారికి ఇది విసుగు పుట్టించే సంగతి, అంతే. క్రోన్స్ వ్యాధి ఉన్న నాకు పార్కుకు వెళ్లడమంటే ప్రధానంగా ఆ క్యూను ఎలా దాటాలన్న సమస్యే. ఎత్తులకు, వేగానికి, తలకిందులుగా తిరగడానికి నేను ఎన్నడూ భయపడలేదు; ఇనుప కమ్మీల మధ్య, ముందుకూ వెనక్కూ కదలలేని చోట, ముప్పావుగంట పాటు నా పేగు నా మాట వింటుందన్న నమ్మకం లేకపోవడమే కొన్నేళ్లపాటు నన్ను ఆ గేటు దాటనివ్వలేదు.

ఈ వ్యాధిని 1932లో న్యూయార్కు వైద్యులు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఒపెన్‌హైమర్ చిన్నపేగు చివరి భాగానికి వచ్చే వాపుగా వర్ణించారు. నోటి నుంచి మలద్వారం దాకా జీర్ణనాళంలో ఎక్కడైనా ఇది రావచ్చని తర్వాతి కాలంలో తేలింది. నాకు చిన్నపేగు చివర కొంత భాగాన్ని శస్త్రచికిత్స చేసి తీసేశారు. మలాశయంలో కూడా వాపు వచ్చి తగ్గుతూ ఉంటుంది. బయటివారికి అర్థం కానిది ఈ రెండో సంగతే. మామూలు మలాశయం అవసరమైనంత సాగి మలాన్ని కొంతసేపు నిలవ ఉంచుకుంటుంది కాబట్టే మనిషి “ఇప్పుడు కాదు, తర్వాత” అనుకోగలుగుతాడు. పదేపదే వాపు వచ్చి బిరుసెక్కిన మలాశయానికి ఆ సాగే గుణం తగ్గిపోయి, కొద్దిపాటి మలానికే నిండిపోయినట్టు కబురు పంపుతుంది. అప్పుడు నా చేతిలో ఉండేవి కొన్ని నిమిషాలు మాత్రమే. “కాస్త ఓర్చుకో” అనే సలహా మంచి మనసుతో ఇచ్చేదే గాని, ఓర్పు పనిచేయాల్సిన కండరమూ గోడా దెబ్బతిన్నచోట అది ఎందుకూ కొరగాదు.

వెళ్లాలన్న ఆలోచన అక్క పిల్లలది. నేను బయట బెంచీ మీద కూర్చుని సంచులు కాపలా కాస్తానన్నాను. “నువ్వు బెంచీ మీద కూర్చునేటట్టయితే అసలు ఎవరం వెళ్లొద్దు, నీతో కలిసి వెళ్లడానికి ఏం కావాలో అది చెప్పు” అంది అక్క. ఆ ప్రశ్న నాకు బాగా ఉపయోగపడింది. ఏం కావాలో నాకే స్పష్టంగా తెలియదని దానికి జవాబు వెతుకుతున్నప్పుడు అర్థమైంది. ముందు వరుసలోకి పంపించడమా, తక్కువ నిలబడటమా, కూర్చోవడానికి చోటా, దగ్గరలో టాయిలెట్టా? కాగితం మీద రాసుకుంటూ పోతే చివరికి ఒక్కటే మిగిలింది: క్యూలోంచి ఏ క్షణంలోనైనా బయటికి వెళ్లి, తిరిగి నా వాళ్ల దగ్గరికి చేరగలగాలి. త్వరగా రైడ్ ఎక్కడం నాకు అవసరం కాదు. ఈ తేడా గ్రహించాక మిగతా ఏర్పాట్లన్నీ తేలికయ్యాయి.

మొదట నన్ను చూసే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆయన రక్తపరీక్షతో పాటు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష రాశారు. పేగులో వాపు ఉంటే ఆ ప్రొటీను పెరుగుతుంది కాబట్టి, పైకి బాగానే ఉన్నా లోపల నిప్పు రగులుతోందో లేదో కొంతవరకు తెలుస్తుంది. జబ్బు తిరగబెట్టిన దశలో, కడుపులో చీముగడ్డ గాని పేగు ఇరుకైన లక్షణాలు గాని ఉన్నప్పుడు, శస్త్రచికిత్స గాయం పూర్తిగా మానకముందు రైడ్ల మాటే ఎత్తవద్దని ఆయన చెప్పారు. ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవారిలో ఎముకలు పలచబడతాయి గనుక కుదుపులు ఎక్కువగా ఉండే పాత చెక్క కోస్టర్ల విషయంలో ఎముకల సాంద్రత పరీక్ష ఫలితం చూసుకోవాలన్నారు. ఈ ప్రశ్న నాకు తోచి ఉండేది కాదు. నేను వాడే అజాథయోప్రిన్ వల్ల ఎండకు చర్మం దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ తప్పవన్నారు. రోగనిరోధక శక్తిని అణిచే మందు కావడం వల్ల, వేలమంది పట్టుకునే కమ్మీలను పట్టుకున్న చేతులను తినే ముందు సబ్బుతో కడుక్కోవడం మామూలు కన్నా ముఖ్యమన్నారు.

లోపెరమైడ్ గురించి అడిగాను. పేగు కదలికను నెమ్మదింపజేసే ఈ మాత్రను చాలామంది ప్రయాణాలకు ముందు సొంతంగా వేసుకుంటారు. తీవ్రమైన వాపు ఉన్నప్పుడు అది పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోయే స్థితికి దారి తీయవచ్చు కాబట్టి, పరీక్షలు శాంతంగా ఉన్న నాకు ఆ రోజుకు ఎంత వాడవచ్చో ఆయనే నిర్ణయించి చెప్పారు. ఇక చిన్నపేగు చివరి భాగం లేనివారికి మరో చిక్కు ఉంది: అక్కడ తిరిగి పీల్చుకోవాల్సిన పిత్తామ్లాలు పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు కలిగిస్తాయి. వాటిని పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడిని నేను వాడతాను. అది ఇతర మందులను కూడా పట్టేస్తుంది గనుక, మిగతా మాత్రలను దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. కాబట్టి పార్కు రోజున మందుల వేళలను రైడ్ల వేళలకన్నా ముందే కాగితం మీద పెట్టుకున్నాను.

డాక్టరు గారు ఇచ్చిన ఉత్తరం గురించి ఒక మాట చెప్పాలి. మొదట రాసిన ఉత్తరంలో జబ్బు పేరు, వాడే మందుల జాబితా తప్ప ఏమీ లేవు. జబ్బు పేరు చదివి ఎదుటివారు ఏం చేయాలో ఊహించుకోవాల్సిన స్థితి అది. “ఈమెకు హెచ్చరిక లేకుండా, కొద్ది నిమిషాల వ్యవధిలో టాయిలెట్ అవసరం పడుతుంది, క్యూలోంచి బయటికి వెళ్లి తిరిగి చేరే వీలు కావాలి, మందులు, ద్రవాహారం, మార్చుకునే దుస్తులు వెంట ఉంచుకోవాలి” అని రాయమని కోరితే ఆయన వెంటనే రాసిచ్చారు. కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి చేయగలిగేది ఏర్పాటు మాత్రమే కదా, రోగనిర్ధారణ కాదు.

పార్కుల నియమాలు ఒక్కలా ఉండవు, ఉన్నవీ మారుతుంటాయి. డిస్నీ పార్కులే ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలోని తమ పార్కుల్లో అంతకుముందున్న సహాయ కార్డును తీసేసి, 2013 అక్టోబరులో డిజబిలిటీ యాక్సెస్ సర్వీస్ తెచ్చారు. క్యూలో శారీరకంగా నిలబడకుండా, చెప్పిన సమయానికి తిరిగి వచ్చే పద్ధతి అది. క్రోన్స్, పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే అల్సరేటివ్ కోలైటిస్ ఉన్నవారు ఎంతోమంది దాని మీద ఆధారపడ్డారు. 2024లో ఆ సేవను ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సంబంధ వైకల్యాల వల్ల ఎక్కువసేపు క్యూలో వేచి ఉండలేని వారికి పరిమితం చేశారు. మాలాంటి వారికి క్యూలోంచి బయటికి వెళ్లి తిరిగి చేరే ఏర్పాట్లను సూచిస్తున్నారు. ఆ సేవ దుర్వినియోగం అయిందన్న మాటలో నిజం ఉండవచ్చు గాని, కనిపించని జబ్బు ఉన్నవారు దానికి మూల్యం చెల్లించాల్సి రావడం నాకు న్యాయంగా తోచదు. అమెరికాలోని యూనివర్సల్ పార్కులైతే ఐబీసీసీఈఎస్ అనే సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చే కార్డుకు ముందుగా నమోదు చేసుకోమంటాయి. అందువల్ల పాత సమాచారాన్ని, తెలిసినవారి అనుభవాన్ని నమ్ముకోకుండా, టికెట్ కొనే ముందు ఆ పార్కు సొంత పేజీలో వికలాంగులకు ఉన్న సౌకర్యాల భాగాన్ని చదివి, అర్థం కానిదాన్ని రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును ఫోనులో దాచుకోవడం నా పద్ధతి అయింది.

మేము వెళ్లిన పార్కు నుంచి వచ్చిన జవాబు రెండు ముక్కల్లో ఉంది: గెస్ట్ సర్వీసెస్ కౌంటర్లో అడగండి. అడిగాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి నన్ను పైనుంచి కింది దాకా చూసి, “మీరు బాగానే ఉన్నారు కదండీ” అన్నాడు. దురుద్దేశం లేని మాటే. ఇలాంటి చోట జబ్బు తీవ్రతను నిరూపించబోతే సంభాషణ రక్తం, విరేచనాల దాకా వెళుతుంది. నా వెనక ఇంకా పదిమంది నిలబడి ఉంటారు. “ఈ రోజు బాగానే ఉన్నానండి, అందుకే వచ్చాను. నాకు ముందు వరుస వద్దు. టాయిలెట్‌కు వెళ్లి తిరిగి మా వాళ్లతో కలవడానికి వీలు కావాలి, అది రైడ్ దగ్గర ఉన్న ఉద్యోగికి కూడా తెలియాలి” అన్నాను. అతను ఉత్తరం చదివి, పై అధికారిని పిలిచాడు. ఆవిడ చిన్న కార్డు రాసిచ్చి, ప్రతి రైడ్ ప్రవేశం దగ్గర దాన్ని చూపించమనీ, బయటికి వెళ్లాల్సి వస్తే తిరిగి వచ్చేటప్పుడు రైడ్ ఎగ్జిట్ వైపు నుంచి రమ్మనీ చెప్పింది. వెనకవాళ్లను “కాస్త జరగండి” అంటూ తోసుకుని ముందుకు పోవాల్సిన అవసరం దీంతో తప్పింది. క్యూలో జనం నన్ను అనుమానంగా చూడటమే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

కార్డు ఉంది కదా అని ఏ క్యూలోకైనా నిశ్చింతగా దిగడానికి లేదు. ఒక్కో క్యూకు ఒక్కో కట్టడం ఉంటుంది. కమ్మీల మధ్య పాములా మెలికలు తిరిగే క్యూలో కింద నుంచి వంగి దాటడం కష్టమైనా, ఆకాశం కనిపిస్తుంది, పక్కనే దారి ఉంటుంది. భవనం లోపలికి వెళ్లే క్యూలు అలా కావు. కథ చెప్పడానికి జనాన్ని ఒక గదిలో చేర్చి తలుపులు మూసే రైడ్లలో ఆ కొద్ది నిమిషాలు నాకు ప్రమాదకరమైనవి. అందుకే ప్రవేశం దగ్గర ఉద్యోగిని మూడు విషయాలు అడిగేదాన్ని: తలుపులు మూసే గది ఉందా, ఉంటే అది ఎంతసేపు, బయటికి వెళ్లే చివరి దారి ఎక్కడ? చాలా రైడ్లలో సీటు ఎక్కే వేదిక దగ్గర, చివరి క్షణంలో మనసు మార్చుకున్నవారి కోసం ఒక దారి ఉంటుంది. భయపడినవాళ్ల కోసం పెట్టిన ఆ దారి నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. అది ఉందని తెలిస్తే చాలు, చాలాసార్లు దాని అవసరమే రాలేదు. ఆందోళన కూడా పేగును కదిలిస్తుంది గనుక, దారి తెలియడం ఒక రకంగా మందులాగే పనిచేసింది.

పొద్దున్నే, గేటు తెరిచే వేళకు చేరుకోవాలని పార్కులకు తరచూ వెళ్లేవారందరూ చెబుతారు; ఆ మొదటి గంటలో క్యూలు చిన్నవిగా ఉంటాయన్నది నిజమే. నా జబ్బుకు ఆ సలహా పూర్తిగా ఎదురు. నిద్ర లేవగానే పెద్దపేగు చురుకవుతుంది. ఏదైనా తిన్నా, తాగినా కడుపు నిండిన కబురు అందుకుని ఇంకా వేగంగా కదులుతుంది. వైద్యంలో దీన్ని గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. అందరికీ ఉండేదే అయినా, నాకు లేచిన తర్వాత రెండు మూడు గంటలు టాయిలెట్ చుట్టూనే గడుస్తాయి. తొమ్మిదింటికి గేటు దగ్గర ఉండాలంటే నేను తెల్లవారుజామునే లేవాలి, అలా లేస్తే నీరసం. నీరసంతో మధ్యాహ్నానికే రోజు అయిపోతుంది. అందుకని బావగారు పిల్లలను తీసుకుని పొద్దున్నే వెళ్లారు. అక్కా నేనూ మధ్యాహ్నం దాటాక చేరాం. సాయంత్రం, మరీ ముఖ్యంగా ఊరేగింపు జరిగే వేళా పార్కు మూసే ముందు గంటా, క్యూలు మళ్లీ తగ్గుతాయి. నా పేగు కూడా ఆ వేళకు శాంతిస్తుంది. పొద్దున్నే వెళ్లినవాళ్లు కాళ్లు ఈడ్చుకుంటూ ఇంటిదారి పట్టే సమయంలో నాకు మంచి గంటలు మొదలయ్యాయి.

తిండి విషయంలో పార్కు రోజును ప్రయోగాలకు వాడుకోలేదు. ముందురోజు నుంచే పీచు, కొవ్వు తక్కువగా ఉన్న, నాకు పడుతుందని ఎప్పటి నుంచో తెలిసిన తిండి మాత్రమే తిన్నాను. ఒక్కసారిగా కడుపు నింపకుండా కొంచెం కొంచెంగా తినడం, కూల్‌డ్రింకులు, కాఫీ, పంచదార లేని మిఠాయిల్లో ఉండే సార్బిటాల్ వంటివి మానేయడం ఇందులో భాగం. పూర్తిగా పస్తు ఉంటే మేలు కదా అని కొందరంటారు. ఎండలో ఖాళీ కడుపుతో తిరిగితే కళ్లు తిరుగుతాయి, పైగా పేగులోకి పిత్తం వస్తూనే ఉంటుంది. బయటి తిండిని లోనికి అనుమతించని పార్కులు కూడా వైద్య కారణం చూపితే సాధారణంగా ఒప్పుకుంటాయి, ఉత్తరం ఇక్కడా పనికొచ్చింది. నీళ్ల బదులు ఎక్కువగా ఓఆర్‌ఎస్ తాగాను. పేగు గోడ గ్లూకోజును పీల్చుకునేటప్పుడు దానితో పాటే సోడియాన్ని, ఆ వెంటే నీటిని లోపలికి తీసుకుంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో ఆ రెండూ లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున సమానంగా ఉంటాయి. పొట్లం మీద చెప్పినన్ని నీళ్లు కచ్చితంగా కలపాలి, రుచి కోసం పంచదార కలిపితే విరేచనాలు పెరుగుతాయి.

సంచీలో ఏం పెట్టుకోవాలన్నది అందరూ చెప్పేదే: లోదుస్తులు, ఒక ప్యాంటు, తడి తుడుపు కాగితాలు, వాసన బయటికి రాకుండా మూసుకునే కవర్లు, చర్మానికి రాసుకునే క్రీము, పీల్చుకునే ప్యాడ్లు. ఎవరూ చెప్పని సంగతి లాకర్ల గురించి. పెద్ద కోస్టర్ల దగ్గర సంచులను లాకర్లో పెట్టమంటారు. లాకర్లు ప్రవేశం దగ్గర ఉంటే, అవసరం పడినప్పుడు నేను క్యూ మధ్యలో, సంచీ ఎక్కడో ఉంటాం. నడుముకు కట్టుకునే చిన్న జిప్పు సంచీలో ఒక జత లోదుస్తులు, తుడుపు కాగితాలు, ఒక మాత్ర, కార్డు ఉంచుకున్నాను. దాన్ని వెంట ఉంచుకోవచ్చో లేదో ప్రతి రైడ్ దగ్గరా అడగాలి, కొన్ని చోట్ల దాన్ని కూడా ఒప్పుకోరు. అలాంటి రైడ్‌కు అక్క బయట సంచీతో నిలబడింది, తర్వాత ఆమె వెళ్లింది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు వంతులవారీగా ఎక్కడానికి పెట్టిన ఏర్పాటును అడిగితే మాకూ వర్తింపజేశారు.

రైడ్ల గురించి చెప్పాల్సింది తక్కువే. తలకిందులయ్యే కోస్టర్లకన్నా పొట్ట మీద అడ్డకడ్డీ గట్టిగా బిగించే కోస్టర్లు నాకు ఇబ్బంది. భుజాల మీదుగా దిగే పట్టీ ఉన్నవి కొంత నయం, అయితే వాటిలోనూ కొన్ని పొట్టను అదుముతాయి. ఎక్కే ముందు అవసరం ఉన్నా లేకపోయినా టాయిలెట్‌కు వెళ్లి రావడం నియమంగా పెట్టుకున్నాను. ఒక రైడ్ మధ్యలో ఆగింది. సాంకేతిక కారణం అని మైకులో చెప్పారు, ఎంతసేపో చెప్పలేదు. నా పక్కన కూర్చున్న అక్క కూతురు, “పిన్నీ, వస్తోందా?” అని గుసగుసగా అడిగింది. రాలేదు. ప్యాడ్ ఉంది, వచ్చినా ఆ పిల్లకు తప్ప ఎవరికీ తెలియదు అన్న లెక్క నాకు ముందే ఉంది. కాసేపటికి రైడ్ కదిలింది. ఆ పిల్ల అడిగిన తీరు చూస్తే, పిల్లలకు ఈ జబ్బు గురించి దాచకుండా చెప్పడం మంచిదైందనిపించింది. ఏ రైడ్ దగ్గర టాయిలెట్ ఎటు ఉందో ఆ రోజు మ్యాపులో నాకన్నా ముందు చూసిపెట్టింది వాళ్లే.

నిజంగా ఇబ్బందిపడింది రైడ్లో కాదు, వాహనాలు నిలిపే స్థలం నుంచి గేటు దాకా జనాన్ని చేరవేసే బండిలో. దానిలో టాయిలెట్ ఉండదు, మధ్యలో ఆగదు, కిక్కిరిసి ఉంటుంది, గేటు దగ్గర మళ్లీ సంచుల తనిఖీ క్యూ. పార్కు లోపలి ఏర్పాట్లన్నీ పకడ్బందీగా చూసుకున్న నాకు ఆ అరగంట చెమటలు పట్టించింది. వికలాంగుల పార్కింగు అనుమతి లేనివారు గేటు దగ్గర దింపి వెళ్లే చోటు ఉందేమో ముందే కనుక్కోవడం మేలు. తనిఖీ దగ్గర మందులనూ ద్రవాలనూ ఒకే పారదర్శకమైన కవర్లో పెట్టి ఉత్తరంతో కలిపి చూపిస్తే ఆలస్యం కాదు.

స్టోమా సంచీ (పొట్ట మీద శస్త్రచికిత్సతో చేసిన రంధ్రానికి అతికించి, మలం చేరేలా పెట్టే సంచీ) ఉన్న ఒక పరిచయస్థురాలు తర్వాత నన్ను వివరాలు అడిగింది. ఆమెకు క్యూ సమస్య నాకన్నా తక్కువ. రైడ్ పట్టీ సమస్య ఎక్కువ. పట్టీ ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి క్యూ బయట ఉంచే నమూనా సీటులో ముందే కూర్చుని చూడమని చెప్పాను. సంచీ మూడో వంతు నిండేసరికి ఖాళీ చేసుకోవడం ఆమె ఎలాగూ పాటించే నియమమే. రైడ్ ఎక్కే ముందు, నిండకపోయినా ఖాళీ చేసుకున్నానని, నీళ్ల రైడ్ల తర్వాత అంచుల్లో అతుకు వదిలిందేమో చూసుకున్నానని ఆమె చెప్పింది.

అలసటను మాత్రం ఏ కార్డూ తీర్చలేదు. ఈ జబ్బులో అలసట అంటే కూర్చుంటే పోయేది కాదు. రక్తహీనత, వాపు, రాత్రి చెడిన నిద్ర కలిసి వచ్చేది. కీళ్లు కూడా పట్టేస్తాయి. సాయంత్రం ఏడింటికి నా శక్తి అయిపోయిందని చెప్పాను. ఇంకా ఎక్కాల్సిన రైడ్లు మిగిలే ఉన్నాయి, పిల్లలు బావగారితో వెళ్లి అవి ఎక్కి వచ్చారు. తర్వాతి వారమంతా డాక్టరు అపాయింట్‌మెంటు తప్ప ఏ పనీ పెట్టుకోలేదు. పరీక్షల్లో కాల్‌ప్రొటెక్టిన్ పెరగలేదు. మళ్లీ వెళ్లేటప్పుడు, వాపును అణచడానికి నేను గడువు ప్రకారం వేసుకునే బయోలాజిక్ మందు ఇంజెక్షన్ గడువు దగ్గరపడిన వారంలో కాకుండా, వేసుకున్న తర్వాతి వారంలో తేదీ పెట్టుకోమని డాక్టరు గారు చెప్పారు. మందు ప్రభావం నాకు చివరి రోజుల్లో పలచబడుతున్నట్టు ఆయన గమనించారు. పిల్లలు సెలవుల పట్టికలో ఆ వారాలను గుర్తుపెట్టి, ఒకదాన్ని ఎంచేశారు.